కుండీలో పెరిగే లివర్‌వర్ట్ లివర్‌కి మందా?

ప్రశ్న: మాది గుంటూరు, ఇప్పుడు సియాటెల్ దగ్గర అమ్మాయి వాళ్ళింట్లో ఉన్నాం. పెరట్లో గులాబీ కుండీల్లో మట్టికి అతుక్కుని పచ్చగా ఏదో పరుచుకుంది, దాని మీద బుల్లి బుల్లి గిన్నెలున్నాయి. అది లివర్‌వర్ట్ అని, లివర్‌కి మంచిదని ఒక వీడియోలో చెప్పారు. మావారికి ఫ్యాటీ లివర్ ఉంది, కషాయం కాచి ఇవ్వొచ్చా?

జవాబు: వద్దండీ, దయచేసి ఇవ్వకండి. కాలేయం ఆకారంలో ఉంది కాబట్టి కాలేయానికి పనిచేస్తుందని పాతకాలం యూరప్‌లో నమ్మారు, వీడియో వాళ్ళు అదే పట్టుకొచ్చారు, అంతకుమించి ఆధారం లేదు.

మొక్క మాత్రం అద్భుతమైంది. గిన్నెలు గుండ్రంగా ఉంటే మార్కాన్షియా, నెలవంకలా ఉంటే లునులేరియా. భూతద్దం పెట్టి గిన్నెలోకి చూడండి, ఆవగింజ కన్నా చిన్న పచ్చటి బిళ్ళలు కనిపిస్తాయి, వాన చినుకు సరిగ్గా అందులో పడితే అవి ఎగిరి పక్క కుండీలో పడతాయి, ఒక్కో బిళ్ళా ఒక్కో కొత్త మొక్క అయిపోతుంది. పువ్వు లేదు, విత్తనం లేదు, అసలు వేళ్ళే లేవు, పట్టుకోడానికి సన్నటి పోగులుంటాయంతే.

ఇక మందు సంగతి. వీటి కణాల్లో చిన్న నూనె సంచులుంటాయి, పురుగులు తినకుండా కాపాడేవి అవే, పరిశోధకులు వెతికేది కూడా అక్కడే. జపాన్‌లో అసకావా అనే శాస్త్రవేత్త దశాబ్దాల పాటు ఈ పదార్థాలని విడదీసి చూశారు, మార్కాన్టిన్ ఎ అలాంటిదే, ల్యాబ్‌లో ఫంగస్ మీదా క్యాన్సర్ కణాల మీదా ప్రభావం చూపింది. రాడులా అనే ఇంకో లివర్‌వర్ట్‌లో గంజాయిలోని టీహెచ్‌సీని పోలిన పదార్థం ఉంది, 2018లో స్విట్జర్లాండ్ వాళ్ళు ఎలుకలకిచ్చి చూస్తే మెదడు దాకా వెళ్ళి వాపు కలిగించే ప్రోస్టాగ్లాండిన్లని తగ్గించింది. నాకు చాలా ఆశ కలిగించే పని ఇది, కానీ అది శుద్ధి చేసిన పదార్థం, కొలిచి ఇచ్చిన డోసు, అదీ ఎలుకలకి. కషాయంలో ఏది ఎంత దిగుతుందో ఎవరూ చెప్పలేరు. పైగా ఫ్రుల్లానియా అనే రకం తగిలితేనే అడవిలో చెట్లు కొట్టేవాళ్ళకి చర్మం ఎర్రగా పొంగిపోతుంది. ఇప్పటికే అలిసిపోయిన లివర్ మీద ఇలాంటి ప్రయోగం అవసరమా చెప్పండి?

మీవారిని డాక్టర్‌కే చూపించండి, ఇప్పటికే ఏదైనా కాచి ఇచ్చుంటే ఆ మాట కూడా చెప్పండి. కుండీలో వద్దనుకుంటే పైమట్టి ఆరాకే నీళ్ళు పోయండి, ఎరువు తగ్గించండి, చాలావరకు తగ్గిపోతుంది.