.22 రైఫిల్ కస్టమ్‌గా చేయించుకోవాలా, ఫ్యాక్టరీది కొనుక్కోవాలా?

గ్రీన్ కార్డు వచ్చింది, ప్రెసిషన్ షూటింగ్ మొదలుపెడదామనుకుంటున్నాను, .22 లాంగ్ రైఫిల్ అనే చిన్న తూటా వాడే తుపాకీకి కస్టమ్ బిల్డ్ దండగా అని అడిగారు. నేనూ టెక్సస్‌లోనే ఉంటాను. నా రైఫిల్ విడివిడిగా పార్టులు కొని ఇక్కడి గన్‌స్మిత్ చేత బిగించుకున్నదే. దండగ కాదు. కాకపోతే డబ్బు ఎక్కడ పెట్టాలో చూసుకోవాలి.

ముందు చట్టం సంగతి. గ్రీన్ కార్డు ఉంది కాబట్టి ఫెడరల్ చట్టం ప్రకారం మీ స్టేటస్ అడ్డం రాదు. ఇది చదువుతున్న హెచ్-1బీ వాళ్లు, స్టూడెంట్లు మాత్రం దయచేసి ఆగండి. నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉంటే తుపాకీయే కాదు, తూటాలు దగ్గర పెట్టుకున్నా ఫెడరల్ నేరమే. హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపులున్నాయి గానీ, లాయర్‌ని అడక్కుండా వాటిని నమ్ముకోవద్దు. సీరియల్ నంబరు ఉండే యాక్షన్‌ని (బోల్టు, దాన్ని పట్టి ఉంచే భాగం) లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరికే తెప్పించుకుని, తుపాకీ కొనేవాళ్లు నింపే ఫెడరల్ ఫారం 4473 నింపి తీసుకోవాలి.

నాది రెమింగ్టన్ 700 అనే రైఫిల్ కొలతలతో చేసిన రిమ్‌ఫైర్ యాక్షన్, అంటే .22 లాగా అడుగు అంచు మీద కొడితే పేలే తూటాలకి చేసింది. ఆ కొలతకి స్టాకులు, ట్రిగ్గర్లు బోలెడు దొరుకుతాయి. బ్యారెల్ పొడవు కోసం ఆరాటపడొద్దు. ఈ తూటాలో మందు తక్కువ, 16-18 అంగుళాల్లోనే దాని పని అయిపోతుంది. ఖర్చు పెట్టాల్సింది మంచి బ్యారెల్ మీద, ఛాంబర్ (తూటా కూర్చునే గది) కోసే మనిషి మీద. నా రైఫిల్‌లో బోల్టు మూస్తుంటే చివర్లో చేతికి కాస్త బిగువు తగులుతుంది. ఆ రౌండ్‌ని పేల్చకుండా బయటికి తీస్తే సీసం మీద రైఫ్లింగ్ (బ్యారెల్ లోపలి మెలిక గాడులు) గీతలు సన్నగా కనిపిస్తాయి. చుట్టూ సమానంగా పడ్డాయంటే బుల్లెట్ తిన్నగా కూర్చుంటోందన్నమాట. ఫ్యాక్టరీ రైఫిళ్లలో చాలావాటికి ఛాంబర్ ఇంత బిగువుగా ఉండదు.

ఇంత చేసినా చివరికి గ్రూపుని (షాట్లు ఎంత దగ్గరగా పడతాయో) తేల్చేది తూటాయే. సెంటర్‌ఫైర్ (అడుగున మధ్యలో కొడితే పేలే తూటాలు) వాళ్లలా ఇంట్లో లోడ్ చేసుకునే వీలు రిమ్‌ఫైర్‌లో లేదు, ఫ్యాక్టరీ ఇచ్చిందే వాడాలి. ఎలీ, లాపువా, ఎస్‌కే ఏదైనా సరే, ఒకే పేరున్న పెట్టెల్లోనే లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) మారితే ఫలితం మారిపోతుంది. ఒక లాట్ 50 గజాల దగ్గర ఒకే చిరుగులో పడుతుంది, ఇంకోటి నాలుగు దిక్కులా చెదురుతుంది. కొన్ని లాట్లు తెచ్చి పరీక్షించి, నచ్చినది ఒకేసారి ఎక్కువ కొనిపెట్టుకోండి. బ్రాండ్ మార్చగానే పడే మొదటి షాట్లను లెక్కలోకి తీసుకోవద్దు. తూటా మీది కొత్త మైనం బ్యారెల్‌కి పట్టేదాకా అవి అటూ ఇటూ పోతాయి.

హై వెలాసిటీ తూటాల జోలికి వెళ్లకండి. మ్యాచ్ తూటా సెకనుకి సుమారు 1,070 అడుగుల వేగంతో, ధ్వని కంటే నెమ్మదిగా పోతుంది. అంతకంటే వేగంగా పోయేది గాలికి తక్కువ కొట్టుకుపోవాలి కదా అనిపిస్తుంది. జరిగేది తలకిందులు. ధ్వని వేగం చుట్టుపక్కల గాలి నిరోధం బాగా పెరిగి, 100 గజాల దగ్గర అదే ఎక్కువ పక్కకి జరుగుతుంది. ఇక నెమ్మది బుల్లెట్ బ్యారెల్‌లో కాస్త ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి, ట్రిగ్గర్ నొక్కాక కూడా వేలు అలాగే ఉంచి, స్కోప్‌లోంచి కన్ను తీయకుండా ఉండటం అలవాటు చేసుకోండి.

బడ్జెట్ గట్టిగా లేకపోతే సీజెడ్ 457 అనే ఫ్యాక్టరీ రైఫిల్ కొనండి. దాని బ్యారెల్ తర్వాత ఇంట్లోనే మార్చుకోవచ్చు, మిగిలిన డబ్బు స్కోప్‌కీ తూటాలకీ పెట్టండి. కొనేముందు దగ్గర్లోని క్లబ్బులో ఎన్ఆర్ఎల్ 22 (.22 రైఫిళ్ల పోటీ) మ్యాచ్ చూడ్డానికి వెళ్లండి. అడిగితే చాలామంది తమ రైఫిల్‌తో ఒకట్రెండు షాట్లు కొట్టనిస్తారు.