రెండు కుప్పలే మీకు సాక్ష్యం

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లె. మా అత్తగారు పోయేముందు నాకిచ్చిన ఇత్తడి చెంబు అటక మీద ఉండేది. అందులో 42 పాత వెండి రూపాయలు. గత జూన్‌లో చిన్నమ్మాయి కాలేజీ ఫీజు కట్టాల్సి వచ్చి, తిరుపతిలో పాత నాణేలు కొనే అంగడికి తీసుకెళ్ళాం. అంగడాయన భూతద్దం పెట్టి ఒక్కొక్కటి చూసి, రెండు కుప్పలు చేసి, కాటా వేసి, 33,000 రూపాయలు ఫోన్‌పే చేశాడు. "వీటిలో ఎక్కువ ధర పలికేవి ఏమైనా ఉన్నాయా అన్నా?" అని మా పెద్దమ్మాయి అడిగితే, "అన్నీ మామూలువేనమ్మా, కరిగించుకునేవే" అన్నాడు. ఈ సంక్రాంతికి మా అక్క కొడుకు అదే అంగడివాళ్ళు పెట్టిన పోస్టు చూపించాడు. 1939 నాటి రూపాయి ఒక్కదానికే లక్షా పాతిక వేలు అడుగుతున్నారు. అది మాదే. ఫోన్ చేస్తే, "ఇంకో ఐదు వేలు ఇస్తాను, వచ్చి సంతకం పెట్టి వెళ్ళండి" అన్నాడు. దొంగతనం కేసు పెడితే పోలీసులే నాణెం తెచ్చిస్తారని మా తమ్ముడు అంటున్నాడు. ఇంత అన్యాయం చేసినవాణ్ణి చట్టం వదిలేస్తుందా?
– ఒక తల్లి, చిత్తూరు జిల్లా

జవాబు: అమ్మా, మీ ఉత్తరం నాలుగు పేజీలు. పైన కుదించి ఇచ్చాను. మూడు పేజీల నిండా ఫీజు కోసం పడిన ఇబ్బంది, అత్తగారి జ్ఞాపకం, ఆయన మీద కోపం ఉన్నాయి. అవన్నీ నిజమే కావచ్చు గానీ వాటిలో కేసు లేదు. కేసంతా మీరు మాటవరసకు రాసిన రెండు వాక్యాల్లో ఉంది. ఒకటి, రెండు కుప్పలు చేశాడన్నది. రెండోది, మీ పెద్దమ్మాయి అడిగిన ప్రశ్నకు ఆయన ఇచ్చిన జవాబు.

ముందు మీకు నచ్చని మాట చెప్పేస్తాను. తక్కువకు కొన్నాడన్న ఒక్క కారణంతో ఏ కోర్టూ అమ్మకాన్ని రద్దు చేయదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 25వ సెక్షన్ కింద ఒక ఉదాహరణ ఉంది. వెయ్యి రూపాయలు చేసే గుర్రాన్ని పది రూపాయలకే అమ్మడానికి ఒకడు ఇష్టపడి ఒప్పుకుంటే ఆ ఒప్పందం చెల్లుతుంది. ధర మరీ తక్కువగా ఉంటే, ఆ ఒప్పుకోలు నిజంగా ఇష్టంతో జరిగిందా అని పరిశీలించేటప్పుడు కోర్టు దాన్ని లెక్కలోకి తీసుకోవచ్చు, అంతే. వస్తువు విలువ విషయంలో పొరబడ్డానంటే అదీ సరిపోదు, 20వ సెక్షన్ వివరణలో ఆ సంగతి విడిగా రాసి ఉంది. ఇక 17వ సెక్షన్ ప్రకారం, చెప్పాల్సిన బాధ్యత లేనివాడు ఊరుకుంటే అది మోసం కిందికి రాదు. ధరలు మారుతున్నాయన్న కబురు తెలిసిన వర్తకుడు ఎదుటి వర్తకుడికి చెప్పనక్కర్లేదని ఆ సెక్షన్ కిందే ఉదాహరణ ఇచ్చారు.

ఇది ధర్మమేనా అని అడిగితే, కాదనే అంటాను. అంగడి అద్దె ఉంటుంది, పెట్టుబడి ఇరుక్కుంటుంది, కొనేవాడు దొరికేదాకా నెలలు పడుతుంది. కాబట్టి వ్యాపారి సగం ధరకు కొన్నా నేను తప్పు పట్టను. కానీ బల్లకు ఒకవైపు భూతద్దం, కేటలాగు, ఏళ్ళ అనుభవం ఉండి, ఇంకోవైపు ఫీజు గడువు తప్ప ఇంకేమీ తెలియని మనిషి కూర్చున్నప్పుడు, అరుదైన నాణేన్ని కరిగించే వెండి కింద తూచుకోవడం తప్పు. చట్టంలోని ఆ ఉదాహరణ ఇద్దరు వర్తకులది. చెంబు పట్టుకొచ్చిన తల్లి ముందు కూడా వ్యాపారి అదే మౌనం పాటించవచ్చంటే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అయినా నాకు మింగుడుపడనిదాన్ని దావాలో రాయలేను.

మీ విషయంలో ఆ అవసరం కూడా లేదు. ఆయన ఊరుకోలేదు. అడిగితే జవాబు చెప్పాడు. నిజం కాదని తెలిసీ నిజమన్నట్టు చెబితే అది మోసమని అదే 17వ సెక్షన్ అంటుంది. అలాంటి ఒప్పందాన్ని మోసపోయిన మనిషి రద్దు చేసుకోవచ్చని 19వ సెక్షన్. కాబట్టి తేలాల్సింది ఒక్కటే: "మామూలువే" అన్నప్పుడు అది అబద్ధమని ఆయనకు తెలుసా?

"నాకూ తెలియదు, గుంపులో చూడలేదు" అని ఆయన తప్పకుండా అంటాడు. ఇక్కడే ఆ రెండు కుప్పలు మాట్లాడతాయి. బ్రిటిష్ కాలపు రూపాయిలో 1939 దాకా నూటికి దాదాపు 92 పాళ్ళు వెండి. యుద్ధకాలంలో, 1940 నుంచి, దాన్ని సగానికి దించారు. బరువు మాత్రం మారలేదు, రెండూ 11.66 గ్రాములే. కాటాకు వాటి తేడా తెలియదు. అందుకే వెండి లెక్కన కొనేవాడు మామూలుగా నాణేల మీద సంవత్సరం చూస్తాడు. మీరు పంపిన చీటీ ఫోటోలో ఆయన చేత్తో రాసింది చూడండి: "ఫుల్ 30 – 348 గ్రా., హాఫ్ 12 – 139 గ్రా." ఫుల్ అంటే 92 పాళ్ళ వెండివి, హాఫ్ అంటే సగం వెండివి. ఆ రెండు కుప్పల మధ్య గీత 1939కీ 1940కీ నడుమ పడింది. సరిగ్గా ఆ గీత మీద కూర్చున్న నాణేన్ని చూడలేదని ఆయన జడ్జిగారి ముందు చెప్పుకోవాలి. 1939 రూపాయి అరుదైనదని పాత నాణేలు కొనే ఏ అంగడివాడికైనా తెలిసిన సంగతే. ఆ చీటీని ప్లాస్టిక్ కవరులో పెట్టి భద్రం చేయండి. దాని మీద ఏమీ రాయకండి, లామినేషన్ చేయించకండి.

"ఇంకో అంగడిలో చూపించుకుని ఉండాల్సింది" అని కూడా వాదిస్తారు. కొంచెం జాగ్రత్తపడితే నిజం తెలుసుకోగలిగేవాడికి రద్దు హక్కు ఉండదనే మినహాయింపు 19వ సెక్షన్‌లో ఉంది. అయితే అది మౌనానికీ, తెలియక చెప్పిన తప్పుడు మాటకూ వర్తిస్తుంది గానీ, తెలిసి ఆడిన అబద్ధానికి కాదు. అలాగని మీ తప్పు లేదనను. అరగంటలో, మొదటి అంగడిలోనే మొత్తం చెంబు కుమ్మరించి వచ్చారు. ఏ సంవత్సరంవి ఎన్ని ఉన్నాయో ఒక కాగితం మీద కూడా రాసుకోలేదు. పైగా నాణేలన్నిటినీ చింతపండుతో తోమారు! తోమిన నాణేనికి సేకరించేవాళ్ళు ధర బాగా కోసేస్తారు. లక్షా పాతిక ఆయన అడుగుతున్న ధర, ఎవరూ ఇచ్చిన ధర కాదు. దాన్నే నష్టపరిహారంగా పట్టుకుని కూర్చోకండి.

మిమ్మల్ని కాపాడింది మీ పెద్దమ్మాయి. తోమిన నాణేలు పళ్ళెంలో ఆరబెట్టి వాట్సాప్ స్టేటస్ కోసం వీడియో తీసింది కదా, దాన్ని ఆపి ఆపి చూశాను. 1939లో చివరి తొమ్మిది పక్కన గోటితో గీసినట్టు సన్నటి గీత ఉంది. అంగడి పోస్టులోని ఫోటోలోనూ ఆ గీత అదే చోట ఉంది. ఇది లేకపోతే "మా నాణెమే" అన్న మీ మాట కోర్టులో ఒక్క నిమిషం నిలబడదు. వాట్సాప్‌లో పంపిన కాపీ చాలదు, తీసిన ఫోన్‌లో అసలు ఫైలు ఉండాలి. ఆ ఫోన్ అమ్మకండి, మార్చకండి, రీసెట్ చేయకండి. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేస్తేనే వీడియోను సాక్ష్యంగా తీసుకుంటారు. మీ లాయరు దాన్ని దావాతోపాటే దాఖలు చేయాలి. అంగడి పోస్టును కూడా తేదీ, లింకు కనిపించేలా ఈరోజే స్క్రీన్‌షాట్లు తీయించండి, రేపటికి ఉండకపోవచ్చు. అంగడిలో ఎవరేమన్నారో పెద్దమ్మాయి చేత ఆమె మాటల్లోనే రాయించి తేదీ వేయించండి. అత్తగారు ఆ చెంబు మీకే ఇచ్చారని చెప్పగల మనిషినీ ఒకరిని చూసుకోండి.

ఒక ప్రమాదం ఉంది. 1938 నాణెం మీద ఎనిమిదిని తొమ్మిదిగా దిద్దినవి బజారులో తిరుగుతుంటాయి. మీది అలాంటిదైతే "మామూలువే" అన్న ఆయన మాటే నిజమవుతుంది, కేసు అక్కడితో ఆఖరు. కాబట్టి నాణేన్ని కోర్టుకు తెప్పించి నిపుణుడి చేత పరీక్ష చేయించమని అడగాలి.

గడువు గురించి అడిగారు. మోసం సంగతి మీకు తెలిసిన రోజు నుంచి మూడేళ్ళు, లిమిటేషన్ చట్టం 59వ ఆర్టికల్. అంటే ఈ సంక్రాంతి నుంచి లెక్క. కానీ ఆ మూడేళ్ళను నమ్ముకుని ఊరుకోకండి. మీరు రద్దు చేస్తున్నట్టు తెలియజేసేలోపే ఆయన ఆ నాణేన్ని ఈ గొడవేమీ తెలియని మూడో మనిషికి నిజాయితీగా అమ్మేస్తే, కొన్నవాడికి హక్కు వచ్చేస్తుంది. వస్తు విక్రయ చట్టం 29వ సెక్షన్ అది. తర్వాత ఆయన మీద డబ్బు కోసం దావా మిగులుతుంది గానీ నాణెం తిరిగి రాదు. అందుకే మీకున్న అసలు గడువు ఈ వారమే.

ఇప్పుడు మీ తమ్ముడి సలహా. వద్దు. ఎంతమాత్రం వద్దు. మీ చేత్తో ఇచ్చారు, డబ్బు మీ ఖాతాలో పడింది. అది దొంగతనమెలా అవుతుంది? ఎస్సై తెలిసినవాడైనా ఫోన్‌పే రికార్డు చూడగానే కేసు మూసేస్తాడు. అక్కడితో ఆగితే పరవాలేదు. తప్పుడు ఫిర్యాదు ఇచ్చినందుకు భారతీయ న్యాయ సంహిత 217, 248 సెక్షన్ల కింద మీరే ముద్దాయి కావచ్చు. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటి: "దొంగిలించాడు" అని స్టేషన్‌లో రాసిచ్చి, సివిల్ కోర్టులో "అబద్ధం చెప్పి కొన్నాడు" అంటే, అవతలి లాయరు ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెడతాడు. ఉన్న నిజం కూడా అప్పుడు అబద్ధంలా కనిపిస్తుంది. జరిగింది జరిగినట్టు రాసి 318వ సెక్షన్ కింద మోసమని ఫిర్యాదు చేసే దారి తర్వాతైనా తెరిచే ఉంటుంది.

ఐదు వేలూ ముట్టకండి. మోసం తెలిశాక డబ్బు తీసుకుని సంతకం పెడితే అమ్మకాన్ని మళ్ళీ ఒప్పుకున్నట్టే. ఆయన ఫోన్‌లో మాట్లాడిన తేదీ, సమయం మాత్రం కాల్ లిస్టు నుంచి రాసిపెట్టుకోండి. వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళొచ్చా అన్నారు. మీరు అక్కడ అమ్మారు, కొనలేదు. విలువ కట్టడానికి ఫీజు తీసుకుని ఉంటే వేరే మాట, మీరు ఇవ్వలేదు కాబట్టి అది కుదరదు.

చేయాల్సింది ఇది. లాయరు ద్వారా ఈ వారమే నోటీసు ఇప్పించండి: అమ్మకాన్ని రద్దు చేస్తున్నాం, 42 నాణేలూ తిరిగి ఇవ్వండి, మీ 33,000 తిరిగి ఇవ్వడానికి సిద్ధం, ఆ 1939 నాణెం ఎవరికీ అమ్మవద్దు. ఒక్క నాణేనికి మాత్రమే రద్దు కుదరదు, మొత్తం రద్దు చేయాలి. డబ్బు తిరిగి ఇవ్వడం కాంట్రాక్టు చట్టం 64వ సెక్షన్ ప్రకారం మీ బాధ్యత. ఫీజు కట్టేశానంటే కోర్టు వినదు, ఆ 33,000 ఎక్కడినుంచైనా సమకూర్చుకోండి. నోటీసు స్పీడ్ పోస్టులో, ఆయనకు అందినట్టు రుజువు వచ్చేలా పంపి, ఒక కాపీ వాట్సాప్‌లో కూడా పెట్టండి. బదులు రాకపోతే తిరుపతి కోర్టులో దావా వేసి, దాంతోపాటే నాణెం అమ్మకుండా తాత్కాలిక ఇంజంక్షన్ అడగాలి. అమ్మేశాడని తేలితే తేడా సొమ్ముకు నష్టపరిహారం అడగవచ్చు.

ఖర్చుకు భయపడకండి. ఆడవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. 15100కు ఫోన్ చేయండి, లేదా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ ఇవ్వండి. నోటీసు వెళ్ళిన తర్వాత అక్కడే దావాకు ముందు లోక్ అదాలత్‌కు పెట్టించుకుంటే, అంగడి పేరు బయటికి రాకూడదని ఆయనే రాజీకి రావచ్చు. అక్కడ కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానం.

ఇంకో మాట, చెంబు అటక మీద ఉన్నదే కదా? పాత ఇల్లు పడగొట్టి నేలలోంచి తీసింది అయితే 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటినా కలెక్టరుకు చెప్పాలి. అలాంటిదేమైనా ఉంటే మీ లాయరు దగ్గర దాచకండి. వెళ్ళేటప్పుడు పెద్దమ్మాయినీ, ఆ ఫోన్‌నూ, చీటీనీ వెంట తీసుకెళ్ళండి. ఇంట్లో ఇంకా నాణేలు మిగిలి ఉంటే తోమకుండా, ఎవరికీ చూపించకముందే రెండు వైపులా ఫోటోలు తీసి, సంవత్సరాలు కాగితం మీద రాసి పెట్టుకోండి.