పంటి డాక్టర్ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చేస్తున్నాను

ప్రశ్న: నాకు 34 ఏళ్ళు. తెనాలిలో ఉంటాం. కుడివైపు కింది దవడ పన్ను పుచ్చి ఏడాది దాటింది. రెండుసార్లు చిగురు వాచి చీము పట్టింది. మందుల షాపులో బిళ్ళలు తెచ్చుకుని వేసుకుంటే తగ్గింది. ఇప్పుడు ఎడమవైపే నములుతున్నాను. నాకు తొమ్మిదేళ్ళప్పుడు నాన్న, కాంపౌండర్ కాళ్ళూ చేతులూ గట్టిగా పట్టుకుంటే డాక్టర్ పన్ను పీకారు. ఆ నొప్పి ఇంకా గుర్తుంది. గర్భంతో ఉన్నప్పుడు రక్తపరీక్షకు సూది గుచ్చగానే స్పృహ తప్పి పడిపోయాను. మొన్న మావారు అపాయింట్‌మెంట్ తీసుకుంటే క్లినిక్ దాకా వెళ్ళి, లోపలి మిషన్ శబ్దం వినగానే ఇంటికి వచ్చేశాను. "నీకంటే మన ఏడేళ్ళ పిల్ల నయం" అని ఆయన బంధువుల ముందు నవ్వుతున్నారు. పన్ను తీయిస్తే కంటిచూపు తగ్గుతుందని అత్తగారు భయపెడుతున్నారు. వెళ్ళేముందు నిద్రమాత్ర వేసుకోమని స్నేహితురాలు చెప్పింది. ఇన్నాళ్ళు ఏం చేశావని డాక్టర్ తిడతారేమోనని సిగ్గుగా కూడా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: భయం సంగతి తర్వాత. ముందు ఆ వాపు గురించి మాట్లాడుకుందాం. బిళ్ళలతో రెండుసార్లు తగ్గిందంటే ఇన్ఫెక్షన్ పోయిందని కాదు, తాత్కాలికంగా అణగిందని. దానికి మూలం పంటి లోపల ఉంది, అక్కడ శుభ్రం చేస్తే గానీ పోదు. కింది దవడ పళ్ళ చీము నాలుక కిందకు, మెడలోకి పాకితే ఊపిరి దారికే అడ్డు పడవచ్చు. కాబట్టి ఈసారి వాపు దవడ కిందకు దిగినా, దానితో పాటు జ్వరం వచ్చినా, నోరు తెరవడం, మింగడం కష్టమైనా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఆ పూటే పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్ళండి. ఇది మిమ్మల్ని బెదిరించడానికి చెప్పడం లేదు. అంతవరకు రాకముందే, నొప్పి సద్దుమణిగి ఉన్న ఈ రోజుల్లోనే వెళ్తే ఎంత తేలికో చెప్పడానికే.

తేలిక అనడానికి కారణం ఉంది. చీము పట్టిన చోట కణజాలానికి ఆమ్లగుణం పెరుగుతుంది. అక్కడ మత్తుమందు నరంలోకి సరిగా ఇంకదు. తొమ్మిదేళ్ళప్పుడు మీకు జరిగింది బహుశా ఇదే. నొప్పి భరించలేని స్థితికి వచ్చాక తీసుకెళ్ళి ఉంటారు, మత్తు పూర్తిగా పట్టకముందే పీకి ఉంటారు. ఆపైన కదలకుండా పట్టుకున్నారు. అంటే మీ భయం ఉత్త ఊహ కాదు, మీ ఒంటికి నిజంగా జరిగినదే. అయితే ఆ రోజు మిమ్మల్ని ఎక్కువగా గాయపరిచింది నొప్పా, వద్దన్నా ఎవరూ ఆగకపోవడమా అని ఒకసారి ఆలోచించండి. నా దగ్గరికి ఈ భయంతో వచ్చేవారిలో చాలామందికి రెండోదే లోతుగా దిగి ఉంటుంది. నోట్లో చేతులు, పరికరాలు ఉంటే మాట రాదు, "ఆపండి" అనలేం. కాబట్టి మీరు ముందుగా సంపాదించుకోవలసింది ధైర్యం కాదు, ఆపించే హక్కు.

అది అడిగి తీసుకోవచ్చు. మీరే ఫోన్ చేసి, "నాకు పంటి చికిత్స అంటే చాలా భయం. మొదటిరోజు మాట్లాడి, చూపించుకుని వెళ్ళిపోతాను. ఆ రోజు సూది, మిషన్ వద్దు" అని చెప్పండి. ఎక్స్‌రే తీస్తే తీయనివ్వండి, దానికి నొప్పి ఉండదు. అవతలివారు విసుక్కుంటే ఇంకో క్లినిక్ చూసుకోండి, ఈ రోజుల్లో వాటికి కొదవ లేదు. చికిత్స రోజున ఎడమచెయ్యి ఎత్తితే పని ఆపాలని డాక్టర్‌తో ముందే ఒప్పందం చేసుకోండి. మొదటి అయిదు నిమిషాల్లోనే, అవసరం లేకపోయినా, ఒకసారి చెయ్యి ఎత్తి చూడండి. ఆగారని తెలిశాక మీ భుజాలు వాటంతటవే దిగుతాయి. సూదికి ముందు చిగురుకు మత్తు జెల్ రాసి ఒకటి రెండు నిమిషాలు ఆగమని, మందు నెమ్మదిగా ఎక్కించమని కూడా అడగండి. పెదవి మొద్దుబారాక కూడా పన్ను జివ్వుమంటే చెప్పండి. వాచిన కింది దవడ పళ్ళకు అలా జరగడం మామూలే, ఇంకో మోతాదు ఇస్తారు. ఓర్చుకుని కూర్చోవడం ఇక్కడ గొప్పతనం కాదు. ఇంకొక మాట. మత్తుమందులో సాధారణంగా కొద్దిగా ఎడ్రినలిన్ కలుపుతారు. దానివల్ల రెండు మూడు నిమిషాలు గుండె దడదడలాడవచ్చు. అది మందు పని, మీకేదో అయిపోతోందని కంగారుపడకండి.

రక్తపరీక్ష అప్పుడు పడిపోయారని రాశారు కదా, దాన్ని నేను విడిగా చూస్తాను. మామూలు భయంలో రక్తపోటు పెరుగుతుంది. సూది, రక్తం చూసి పడిపోయేవారిలో మాత్రం అది ముందు పెరిగి, హఠాత్తుగా పడిపోతుంది. మెదడుకు రక్తం చాలక కళ్ళు తిరుగుతాయి. అందుకే "ఊపిరి పీల్చి ఒళ్ళు వదులు చేసుకో" అనే సలహా ఒక్కటే మీకు చాలదు. స్వీడన్ మనస్తత్వవేత్త లార్స్ గోరన్ ఓస్ట్ 1980లలో దీనికి నేరుగా విరుద్ధమైన సాధన రూపొందించారు. చేతులు, కాళ్ళు, పొట్ట కండరాలను పది పదిహేను సెకన్లు గట్టిగా బిగించండి. ముఖంలోకి వెచ్చదనం ఎక్కినట్టు అనిపిస్తుంది. అప్పుడు మామూలు స్థితికి రండి, పూర్తిగా సోలిపోవద్దు. అర నిమిషం ఆగి మళ్ళీ బిగించండి. ఇలా అయిదుసార్లు. ఇంట్లో రోజూ చేసి అలవాటయ్యాక సూది వేసే ముందు కుర్చీలో మొదలుపెట్టండి. దవడను మాత్రం బిగించకండి, డాక్టర్‌కు అదే కావాలి! గతంలో పడిపోయిన సంగతి డాక్టర్‌కు ముందే చెబితే కుర్చీని బాగా వాల్చి సూది వేస్తారు. పడుకున్న మనిషికి స్పృహ తప్పడం అరుదు. ఖాళీ కడుపుతో వెళ్ళకండి, స్థానికంగా ఇచ్చే మత్తుకు ఉపవాసం అక్కర్లేదు.

నిద్రమాత్ర సొంతంగా వద్దు. అవసరమనుకుంటే డాక్టరే రాస్తారు, అప్పుడు తోడు మనిషి తప్పనిసరి. నవ్వు వాయువుగా పిలిచే నైట్రస్ ఆక్సైడ్‌ను కొన్ని క్లినిక్‌లలో వాడతారు, ఉందేమో అడగండి. అత్తగారి మాటకొస్తే, చూపు నరం వేరు, పళ్ళ నరాలు వేరు. పళ్ళు ఊడే వయసూ చూపు మందగించే వయసూ ఒకటే కావడంతో పెద్దవాళ్ళు రెండింటినీ ముడిపెట్టారు. అయినా మీ పన్ను పీకే పని రాకపోవచ్చు. వేరు బాగుంటే రూట్ కెనాల్ చేసి క్యాప్ వేస్తారు, ఎక్స్‌రే చూస్తే తెలుస్తుంది. డాక్టర్ తిడతారంటారా? రోజూ పుచ్చిన పళ్ళు చూడడమే వారి వృత్తి. అయినా ఎవరైనా మందలిస్తే, "ఆలస్యమైందని తెలుసు, ఇప్పుడు ఏం చేయాలో చెప్పండి" అనండి. ఖర్చు గురించి బెంగ ఉంటే విజయవాడలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. అక్కడ రద్దీ ఎక్కువ కనుక మీలాంటివారు మొదటి మాట ఏదైనా చిన్న క్లినిక్‌లో మాట్లాడుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఇక మీవారు. దయచేసి ఈ ఒక్క పేరా ఆయనకు చూపించండి. అయ్యా, అపాయింట్‌మెంట్ తీసుకున్నది మీరే. పట్టింపు లేనివారైతే ఆ మాత్రం చేయరు. కానీ బంధువుల ముందు నవ్విన ప్రతిసారీ ఆమెకు ఆ క్లినిక్ మరో మైలు దూరం జరుగుతోంది. ఈసారి తేదీ, సమయం ఆమెనే నిర్ణయించుకోనివ్వండి. లోపలికి రమ్మంటే వెళ్ళి పక్కన కూర్చోండి. మధ్యలో లేచి వచ్చేస్తే, కుర్చీ దాకా వెళ్ళిందని గుర్తించి ఇంకో తేదీ అడగండి.

ఇవన్నీ చేసినా గుమ్మం దాటలేకపోతే సైకాలజిస్టును కలవండి. భయాన్ని మెట్టు మెట్టుగా ఎదుర్కొనే చికిత్స ఇలాంటివాటికి బాగా పనిచేస్తుంది. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలి మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

పాప సంగతి మీరు అడగలేదు, అయినా చెబుతాను. మీ చికిత్స రోజున ఆమెను వెంట తీసుకెళ్ళకండి. పళ్ళు బాగున్నప్పుడే విడిగా ఒకసారి చూపించండి, వీలైతే నాన్నతో పంపండి. "అల్లరి చేస్తే డాక్టర్‌తో సూది వేయిస్తా" అనే బెదిరింపు ఇంట్లో ఎవరి నోటా రాకూడదు, ముఖ్యంగా అన్నం తినిపించే వేళ.