కత్తెర పట్టకముందే: లినెన్ డ్రెస్ మీద మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. ప్యాటర్న్ (డ్రెస్ ముక్కల ఆకారాలు సైజుల వారీగా గీసిన కాగితపు నమూనా) చూసి మొదటి లినెన్ డ్రెస్ కుట్టుకోవాలని కొందరు, కుట్టుకున్నాక ఎక్కడో తేడా కొట్టిందని మరికొందరు రాశారు. అన్నీ ఒకచోట పెట్టి చూస్తే మిషన్ దగ్గర జరిగిన పొరపాట్లు చాలా తక్కువ. గుడ్డ తడపడం, పరచడం, కత్తిరించడం దగ్గరే దాదాపు అన్నీ జరిగాయి. అందుకే ఈసారి ఆ పనుల గురించే ఎక్కువ చెబుతున్నాను.

ప్రశ్న: అక్కా, నాకు మిషన్ మీద తిన్నగా కుట్టడం వచ్చు. దిండు గలీబులు, సంచులు కుట్టాను, డ్రెస్ మాత్రం ఇదే మొదటిసారి. జిప్పూ గుండీలూ లేకుండా తల మీంచి వేసుకునే వదులు డ్రెస్ ప్యాటర్న్ ఒకటి డౌన్‌లోడ్ చేసుకున్నాను. రెడీమేడ్‌లో నాది మీడియం, ఇందులోనూ మీడియం గీత మీదే కత్తిరించేయనా?

వద్దు. మీడియం అనే మాట కాసేపు మర్చిపోండి. రెడీమేడ్ సైజు ఒక్కో కంపెనీకి ఒక్కో రకంగా ఉంటుంది, ప్యాటర్న్ సైజుకీ దానికీ చుట్టరికమే లేదు. పల్చటి బట్టల మీద చాతీ నిండుగా ఉన్నచోట, నడుము దగ్గర, సీటు దగ్గర టేపుతో కొలిచి రాసుకోండి. టేపు ఒంటికి ఆనాలి గానీ బిగించకూడదు.

ప్యాటర్న్‌తో మామూలుగా రెండు పట్టికలు వస్తాయి, చాలామంది ఒక్కటే చూసి వదిలేస్తారు. మొదటిది ఒంటి కొలతలది, రెండోది డ్రెస్ కుట్టడం పూర్తయ్యాక ఎంత ఉంటుందో చెప్పేది. ఆ రెండింటికీ మధ్య తేడానే వదులు. మీ చాతీ 92 సెం.మీ., పూర్తయిన డ్రెస్ 106 సెం.మీ. అని ఉంటే 14 సెం.మీ. వదులున్నట్టు. లినెన్ సాగదు కాబట్టి తల మీంచి వేసుకునే డ్రెస్‌కి చాతీ దగ్గర 10 నుంచి 15 సెం.మీ. వదులుంటే హాయిగా ఉంటుంది, అది మరీ తగ్గితే చేతులు పైకెత్తి వేసుకునేటప్పుడు భుజాల దగ్గర పట్టేసి అక్కడే కుట్లు తెగుతాయి. మీ దగ్గర బాగా నచ్చిన వదులు డ్రెస్ ఏదైనా ఉంటే, సాగే గుడ్డది కాకుండా చూసుకుని, దాన్ని నేలమీద పరిచి చంక కింద ఈ చివర నుంచి ఆ చివరకి కొలిచి రెట్టింపు చెయ్యండి. ఆ అంకె రెండో పట్టికలో ఏ సైజుకి దగ్గరగా ఉందో అదే మీ సైజు. నేను ఇప్పటికీ ఇలాగే చూసుకుంటాను.

చాతీ ఒక సైజులో, సీటు ఇంకో సైజులో పడితే కంగారు పడకండి, చాలామందికి అంతే. భుజాలకి, చాతీకి సరిపోయే గీత మీద మొదలుపెట్టి, నడుము దాటేసరికి రెండో సైజు గీతలో మెల్లగా కలిసిపోయేలా పెన్సిల్‌తో వంపు గీసుకోండి. పక్కలు తర్వాతైనా సరిచేసుకోవచ్చు, భుజాలు సరిచేయడం మాత్రం కొత్తవాళ్ళకి చాలా కష్టం.

ప్రింట్ తీసేటప్పుడు 100 శాతం లేదా 'యాక్చువల్ సైజ్' అని పెట్టుకోవాలి, 'ఫిట్ టు పేజ్' మీద ఉంచితే పేజీకి సరిపడేలా కుదించేస్తుంది. ముందు ప్రింట్ కొలత సరిచూసుకోడానికి ఇచ్చే చదరం గుర్తున్న పేజీ ఒక్కటే తీసి, ఆ చదరాన్ని స్కేలుతో కొలవండి. 5 సెం.మీ. ఉండాల్సింది 4.8 ఉందనుకోండి, అంత చిన్న తేడాకే 100 సెం.మీ. రావాల్సిన డ్రెస్ 96 దగ్గర ఆగిపోతుంది. కుట్టు మార్జిన్, అంటే కుట్టుకీ కత్తిరించిన అంచుకీ మధ్య వదిలే గుడ్డ, కలిపి గీశారో లేదో కూడా చూసుకోండి. కొన్నింటిలో 1.5 సెం.మీ. ఉంటుంది, కొన్నింటిలో 1 సెం.మీ., కొన్నింటిలో అసలు కలపరు, మనమే చుట్టూ గీసుకోవాలి.

వీలైతే నేరుగా లినెన్ మీదకి వెళ్ళకుండా, పాత దుప్పటి కత్తిరించి నడుము వరకూ ఒకసారి కచ్చా కుట్టుతో కుట్టి వేసుకుని చూడండి. ఒక సాయంత్రం పని, మంచి గుడ్డ మీద కత్తెర పెట్టే టెన్షన్ సగం పోతుంది.

ప్రశ్న: గుడ్డని కత్తిరించే ముందు ఉతకాలంటున్నారు. కొత్త గుడ్డకి ఉండే బిరుసు, ఆ కళ పోతాయేమోనని మనసు ఒప్పడం లేదు. తప్పదా?

తప్పదండీ. లినెన్ అవిసె గింజల మొక్క కాండం నుంచి తీసే నారతో నేసిన గుడ్డ. నేసేటప్పుడు, ఆ తర్వాత ఫినిషింగ్‌లో పోగుల్ని లాగి బిగువుగా ఉంచుతారు, నీళ్ళు తగలగానే ఆ బిగువు వదిలిపోయి గుడ్డ దగ్గరికొస్తుంది. ఆ తగ్గడమేదో డ్రెస్ అయ్యాక కాకుండా ముందే అయిపోవాలి.

నేర్చుకునే రోజుల్లో ఒకసారి లేత నీలం లినెన్‌ని తొందర కొద్దీ ఉతక్కుండా కుట్టేశాను. మోకాలి కిందకి రావాల్సిన డ్రెస్ ఒక్క ఉతుకుతో మోకాలి పైకి వచ్చేసింది. మెడకి లోపలి పట్టీ వేసింది మాత్రం ఎప్పుడో ఉతికిన వేరే నూలు గుడ్డ, అది ఎంత ఉన్నది అంతే ఉండిపోయింది. పైగుడ్డ తగ్గి లోపలి పట్టీ తగ్గకపోయేసరికి మెడ చుట్టూ అంగుళానికో ముడత పడి, ఎంత ఇస్త్రీ చేసినా పోలేదు. చాలా బాధేసింది, ఎందుకంటే కుట్టు మాత్రం బాగా కుదిరింది.

అనుమానంగా ఉంటే 20 సెం.మీ. చదరం ముక్క ఒకటి కత్తిరించి, చుట్టూ జిగ్‌జాగ్ కుట్టి, డ్రెస్‌ని రేపు ఎలా ఉతుకుతారో అలాగే ఉతికి ఆరేసి కొలవండి. 19 సెం.మీ. అయితే 5 శాతం తగ్గినట్టు, అంటే రెండున్నర మీటర్ల గుడ్డలో 12 సెం.మీ.కి పైగా పోతుంది. అందుకే కొనేటప్పుడే ప్యాటర్న్‌లో చెప్పినదాని కంటే పావు మీటరు ఎక్కువ తీసుకోమంటాను. గుడ్డ మొత్తం ఉతికేటప్పుడు కత్తిరించిన రెండు చివరలకీ జిగ్‌జాగ్ వేయడం మర్చిపోవద్దు, లేకపోతే పోగులు ఊడి ఉండకట్టి గుడ్డనంతా చుట్టేసుకుంటాయి. మెలిపెట్టి పిండకండి. ఇక కళ సంగతంటారా, లినెన్ ఉతికేకొద్దీ మెత్తబడి ఒంటికి ఇంకా హాయిగా ఉంటుంది, పోయే బిరుసులో చాలావరకు గంజిదే.

ప్రశ్న: డ్రెస్ కుట్టాను, కొలతలన్నీ సరిపోయాయి. వేసుకుని నాలుగడుగులు వేస్తే చాలు, ఎడమవైపు పక్క కుట్టు ముందుకి తిరిగిపోతోంది. విప్పి రెండుసార్లు కుట్టాను, మళ్ళీ అంతే. నా మిషన్‌లో లోపమా?

మీ మిషన్‌ది తప్పు కాదు, కుట్టుదీ కాదు. గుడ్డ పరిచినప్పుడు పడుగు వంకరగా ఉంది. లినెన్‌తో కొత్తవాళ్ళకి ఎదురయ్యే అసలు కష్టం ఇదే అని నా నమ్మకం, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

గుడ్డలో నిలువు పోగులు పడుగు, అడ్డ పోగులు పేక. ప్యాటర్న్ ముక్క మీద రెండు చివర్లా బాణాలున్న గీత పడుగుకి సరిగ్గా సమాంతరంగా ఉండాలి, అంటే గుడ్డ పొడవునా పక్కల ఉండే, కత్తిరించని నేత అంచుకి సమాంతరంగా. లినెన్ నేత కాస్త వదులుగా ఉంటుంది, షాపులో కత్తిరించేటప్పుడు, ఉతికినప్పుడు, తీగ మీద వేసినప్పుడు ఇట్టే పక్కకి జరుగుతుంది. అలా జరిగిన గుడ్డని మడతపెట్టి కత్తిరిస్తే ముక్క చూడ్డానికి బాగానే ఉంటుంది, ఒంటి మీద వేలాడదీసినప్పుడు మాత్రం పోగులు తమ దారిన తాము కిందకి దిగుతాయి, వాటితో పాటే కుట్టూ తిరుగుతుంది.

ముందు గుడ్డ చివరని సరిచేయాలి. అంచు దగ్గర చిన్న గాటు పెట్టి, ఒకే ఒక్క పేక పోగుని గోటితో పైకి తీసి మెల్లగా లాగండి. ఆ పోగు వెంట గుడ్డ సన్నగా కుచ్చు పడుతుంది, ఆ కుచ్చుని రెండో చేత్తో అవతలి అంచు వైపు జరుపుకుంటూ పోవాలి. మధ్యలో పోగు తెగుతుంది, అలవాటైన చేతికీ తెగుతుంది. తెగినచోటు వరకూ కత్తిరించి, అక్కడ కనిపించే కొసని మళ్ళీ పట్టుకోండి. పోగు వచ్చేసిన దారి వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే సన్నని నిచ్చెనలా కనిపిస్తుంది, దాని మీదే కత్తెర నడపండి. రెండో చివర కూడా ఇలాగే. తర్వాత అంచుకి అంచు కలిపి పొడవునా మడతపెడితే చివరలు కూడా ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి. కూర్చోకపోతే గుడ్డ ఇంకా వంకరగానే ఉందని అర్థం. కొంచెం తడిపి, ఇద్దరు చెరో మూల పట్టుకుని ఏటవాలుగా లాగి, మళ్ళీ పరిచి చూడండి.

ప్యాటర్న్ పెట్టాక బాణం గీత పైకొస నుంచి అంచుకి ఎంత దూరముందో, కిందికొస నుంచి కూడా అంతే ఉందేమో టేపుతో చూడాలి, కంటి అంచనా పనికిరాదు. గుండుసూదులు కుట్టు మార్జిన్‌లోనే పెట్టండి. కత్తిరించేటప్పుడు కత్తెర కింది రెక్క బల్లకి ఆనుకునే ఉండాలి, గుడ్డని చేత్తో పైకెత్తి కత్తిరిస్తే ఇంత కష్టమూ వృథా.

మీరు ఇప్పటికే కుట్టిన డ్రెస్‌ని పూర్తిగా సరిచేయడం కుదరదు, ఆశ పెట్టి మళ్ళీ విప్పించడం నాకు ఇష్టం లేదు. వదులు డ్రెస్ అయితే కింద భాగంలో గుడ్డ ఎక్కువే ఉంటుంది కాబట్టి, కుట్లు విప్పి ఇస్త్రీ చేసి, ఈసారి పడుగు చూసుకుని చేతుల్లేని పొట్టి టాప్ ప్యాటర్న్ పెట్టి చూడండి, చాలాసార్లు పడుతుంది.

ప్రశ్న: మేడమ్, మెడ దగ్గర డ్రెస్ ఒంటికి ఆనకుండా నోరు తెరుచుకుని ఉంది. కాగితం మీద మెడ చిన్నగానే ఉంది కదా, గుడ్డలో ఎలా పెద్దదైంది?

కత్తిరించిన మెడ వంపులో కొంతభాగం క్రాస్ మీద, అంటే పోగులకి ఏటవాలుగా పడుతుంది, అక్కడ లినెన్ కూడా సాగుతుంది. ముక్కని హ్యాంగర్‌కి తగిలించినా, మెడ పట్టుకుని ఎత్తినా, ట్రయల్ కోసం తల మీంచి లాగినా సాగిపోతుంది. కత్తిరించిన వెంటనే, మిగతా ఏ పనీ మొదలుపెట్టకముందే, మెడ చుట్టూ ఒక వరస కుట్టేయాలి. మార్జిన్ 1.5 సెం.మీ. అయితే అంచు నుంచి 1.2 సెం.మీ. దూరంలో, ఒక భుజం నుంచి మధ్య వరకు, మళ్ళీ రెండో భుజం నుంచి మధ్య వరకు. ఈ కుట్టు లోపలే ఉండిపోతుంది, విప్పాల్సిన పనిలేదు.

మీది ఇప్పటికే సాగింది కదా. పట్టీ విప్పి, మార్జిన్‌లో పొడుగు కుట్టు, అంటే 4 మి.మీ. పెట్టి ఒక వరస వేసి, కింది దారం కొసని కొంచెం కొంచెంగా లాగుతూ మెడని కాగితం ప్యాటర్న్ మీద పెట్టి అదే వంపుకి తీసుకురండి. ఆవిరి ఇస్త్రీని పైనుంచి తాకీ తాకనట్టు పట్టి అలాగే ఆరనివ్వండి, కదపొద్దు. తర్వాత క్రాస్ పట్టీ వేస్తే దాన్ని మెడ కంటే కాస్త తక్కువ పొడవు తీసుకోండి, మెడ కుట్టు గీత 60 సెం.మీ. ఉంటే పట్టీ 57 లేదా 58 చాలు, కుట్టేటప్పుడు కొద్దిగా లాగి పట్టుకోవాలి. మార్జిన్‌లో కుట్టు దాకా గాట్లు పెట్టి, పట్టీని లోపలికి తిప్పేముందు పట్టీనీ మార్జిన్‌నీ కలిపి కుట్టుకి 2 మి.మీ. పక్కనే ఇంకో వరస కుట్టండి. ఆ వరస లేకపోతే పట్టీ ఎప్పుడూ బయటికి తొంగిచూస్తూనే ఉంటుంది.

ప్రశ్న: గుడ్డ అంచుల్ని దారంతో చుట్టి కుట్టే ఓవర్‌లాక్ మిషన్ నా దగ్గర లేదు. రెండు ఉతుకులకే లోపల పోగులన్నీ ఊడిపోతాయేమోనని భయం.

ఓవర్‌లాక్ లేకపోవడమే మంచిదైంది, ఫ్రెంచ్ సీమ్ నేర్చుకోండి. 1.5 సెం.మీ. మార్జిన్ ఉంటే ముందు గుడ్డల లోపలివైపులు ఒకదానికొకటి ఆనేలా పెట్టి, అంటే మామూలుగా చేసేదానికి తిరగేసి, 7 మి.మీ. దూరంలో కుట్టండి. మార్జిన్‌ని 3 మి.మీ.కి కత్తిరించి, ఇస్త్రీ చేసి, తిప్పి, మంచివైపులు కలిసేలా మడిచి, ఈసారి 8 మి.మీ. దూరంలో కుట్టండి. పోగులన్నీ లోపల బందీ అయిపోతాయి. పక్కలకీ భుజాలకీ ఇది చక్కగా కుదురుతుంది, చంక రౌండ్‌కి మాత్రం మొదటి డ్రెస్‌లో వద్దు, అక్కడ జిగ్‌జాగ్ చాలు. మొదటి కుట్టు తర్వాత ఇస్త్రీ ఎగ్గొడితే రెండో కుట్టు పక్కన పోగులు మీసాల్లా బయటికొస్తాయి, వాటిని తర్వాత ఏరలేం.

ప్రశ్న: సూది నంబరు, కుట్టు పొడవు ఎంత పెట్టాలి?

మామూలు మందం లినెన్‌కి 80/12 సూది, బాగా పల్చటిదైతే 70/10. కొత్త డ్రెస్‌కి కొత్త సూది. కుట్టు 2.5 మి.మీ., పైకుట్టు 3 మి.మీ. అయితే బాగుంటుంది. దారం పాలియెస్టర్ అయినా నూలైనా పర్వాలేదు. ముందు తుంపు ముక్క మీద రెండు పొరలు పెట్టి కుట్టి చూడండి.

ప్రశ్న: ఎంత ఇస్త్రీ చేసినా గంటలో నలిగిపోతోంది. ఏం చేయాలి?

అవిసె నారకి సాగి మళ్ళీ వెనక్కి వచ్చే గుణం బాగా తక్కువ, మడత పడితే పడినట్టే ఉండిపోతుంది. కాబట్టి ముడతలు పూర్తిగా పోవు, వదులు డ్రెస్‌కి అవి అందంగానే ఉంటాయని నేను మనస్ఫూర్తిగా అంటాను. తగ్గించుకోవాలంటే మాత్రం పూర్తిగా ఆరనివ్వకండి. చేతికి ఇంకా చల్లగా తగులుతుండగానే తీగ మీంచి తీసి, ఇస్త్రీ పెట్టె మూడు చుక్కల మీద, అంటే ఎక్కువ వేడి మీద పెట్టి, లోపలివైపు నుంచి చేయండి. ముదురు రంగులకి ఇది మరీ ముఖ్యం, పైనుంచి రుద్దితే మెరుపు మచ్చలు పడతాయి. తర్వాత హ్యాంగర్‌కి వేసి, తడి మొత్తం పోయాకే బీరువాలో పెట్టండి.