తోలుగుడ్లకు టానిక్ కాదు, ముందు నీళ్లు మార్చండి

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా విడవలూరు మండలంలో సముద్రం దగ్గరి పల్లె. పన్నెండు గ్రామప్రియ పెట్టలున్నాయి. సంక్రాంతికి గుడ్లు బాగానే పెట్టాయి. ఉగాది దాటినప్పటి నుంచి పెంకు పలచబడి చేత్తో తీస్తుంటేనే పగులుతోంది, గట్టి పెంకు లేని తోలుగుడ్లూ పడుతున్నాయి. నూకలు, తౌడు, ఎండు చేపల తలకాయలు వేస్తాను. నీళ్లు బోరువి, గూడు రేకులది. కాల్షియం టానిక్ రెండు సీసాలు పోసినా గుణం లేదు. రెండు పెట్టలు గుడ్లు తాగడం మరిగాయి. ఏం చేయాలి?
– ఒక మహిళా రైతు

జవాబు: అమ్మా, మూడో సీసా కొనకండి. జబ్బు టానిక్‌తో పోయేది కాదని మీ ఉత్తరమే చెబుతోంది: ఉగాది తర్వాతి ఎండ, రేకుల గూడు, తీరప్రాంతపు బోరు నీళ్లు, పైగా ఉప్పు పట్టించిన చేప తలకాయలు.

గుడ్డు తయారవడానికి దాదాపు 25 గంటలు పడితే అందులో 20 గంటలు పెంకుకే పోతాయి, అదీ ఎక్కువగా రాత్రిపూట. పెంకు కాల్షియం ఒక్కదానితో తయారు కాదు. దానికి ఒంట్లోని బొగ్గుపులుసు వాయువు నుంచి వచ్చే బైకార్బొనేట్ కలవాలి. ఎండకు నోరు తెరిచి రొప్పే పెట్ట ఆ వాయువును బయటికి వదిలేస్తుంది. ఉప్పు నీళ్లు తాగితే పెంకు పోసే సంచికి బైకార్బొనేట్ సరిగా అందదు. వేసవిలో నీళ్లు ఎక్కువ తాగుతుంది కాబట్టి ఉప్పూ ఎక్కువే పోతుంది. రెండూ కలిసి దెబ్బ తీస్తుంటే మీరెంత కాల్షియం పోసినా పెంకు దాకా చేరదు.

అందుకే మొదట నీళ్లు. పన్నెండు పెట్టలకు ఈ ఎండల్లో రోజుకు 4–5 లీటర్లు సరిపోతాయి. 20 లీటర్ల మంచినీళ్ల క్యాను నాలుగు రోజులు వస్తుంది; టానిక్ ఖర్చుతో పోలిస్తే ఇదే చవక. మట్టి మూకుడులో పోసి నీడన పెట్టండి, మధ్యాహ్నం ఒకసారి మార్చండి. చేప తలకాయలు వేయాలనుకుంటే ఉప్పు వేయనివి చూసుకోండి, లేదా మానేయండి.

రేకుల మీద తాటాకు గానీ వరిగడ్డి గానీ అరడుగు మందాన కప్పి, మిట్టమధ్యాహ్నం తడపండి. గూడు పొడవు తూర్పు పడమరలుగా ఉంటే ఎండ లోపలికి తక్కువ పడుతుంది. పన్నెండింటికి ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు కావాలి. నేల నుంచి అడుగున్నర ఎత్తున నిలిపి, పక్కలకు సన్న జాలీ కొట్టండి. గాలి ఆడుతుంది, ముంగిస రాదు. మన జిల్లాకు అసలు వానలు అక్టోబరు నుంచి కదా, అప్పటికి జల్లు పడకుండా పట్టా దించుకునే ఏర్పాటు ఉండాలి. కింద వరి ఊక రెండంగుళాలు పరచండి. వేరుశనగ పొట్టు బూజు పట్టి ఉంటే దగ్గరికి కూడా రానీయకండి.

ఇక మేత. గ్రామప్రియ పెరట్లో ఏడాదికి 160–180 గుడ్లు పెట్టే జాతి. ఒక్కో గుడ్డు పెంకులో 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. 100 గ్రాముల నూకల్లో 0.1 గ్రాము కూడా దొరకదు. మిగతాది పెట్ట తన ఎముకల్లోంచే తీసి పెడుతుంది, చివరికి కాళ్లు పడిపోతాయి. మీకు గుల్లలకు కొదవ లేదు. కయ్యల గట్టున ఏరిన గుల్లలూ ఆల్చిప్పలూ మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడిగి ఉప్పు పోగొట్టి, ఎండబెట్టి, రోట్లో నూకంత దంచండి. మెత్తని పొడి చేయొద్దు: పలుకుగా ఉంటేనే కడుపులో నిలిచి రాత్రంతా కొంచెం కొంచెంగా కరుగుతుంది. మేతలో కలపకుండా వేరే చిప్పలో సాయంత్రం పెట్టండి, ఎంత కావాలో పెట్టకే తెలుసు. తాంబూలంలో వేసే సున్నం మాత్రం పెట్టకండి, నోరు కాలుతుంది. గుడ్లు పెట్టని పిల్లలకు ఈ గుల్లలు వద్దు, మూత్రపిండాలు పాడవుతాయి. తౌడు తగ్గించి, వీలైతే గుడ్ల కోళ్లకు అమ్మే లేయర్ మేత సగం కలపండి.

గుడ్లు తాగే అలవాటుకు ఆకలి కంటే పగిలిన గుడ్డే మూలం. పెంకు గట్టిపడితే సగం తగ్గుతుంది. అడుగు చదరపు పెట్టెలు మూడు, చీకటి మూలన, గడ్డి వేసి పెట్టండి. ఉదయం పది లోపు ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి గుడ్లు తీసేయండి. అయినా మానని పెట్టను కూరకు పంపాల్సిందే, మరొకదానికి నేర్పుతుంది.

నీళ్లు, నీడ మార్చాక పది పదిహేను రోజులు చూడండి. ఈలోగా పెంకు ముడతలు పడి, తుమ్ములు, పచ్చటి పలచని రెట్ట, మెడ తిరగడం కనిపిస్తే అది ఎండ దెబ్బ కాదు, కొక్కెర తెగులు (రాణిఖెట్) కావచ్చు. వెంటనే మీ పశువైద్యశాలలో చూపించండి. ఒకేసారి నాలుగైదు చనిపోతే కాలవలో వేయకుండా కబురు చేయండి. 2024 ఫిబ్రవరిలో పొదలకూరు మండలం చాటగుట్లలో, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలో బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి మీకు తెలిసే ఉంటుంది.