40 వేలలో మొదటి గేమింగ్ పీసీ: ఆ జీటీ 730 వద్దు, గ్రాఫిక్స్ కార్డు లేకుండానే మొదలుపెట్టండి

మీరు పెట్టిన కొటేషన్ చూడగానే నా పాత రోజులు గుర్తొచ్చాయి. ఐ7 ప్రాసెసర్, హెచ్61 బోర్డు, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ, జీటీ 730 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, రంగు లైట్ల క్యాబినెట్, మానిటర్‌తో కలిపి 38 వేలు. నాన్నగారు 40 వేలకు మించి ఇవ్వనన్నారు, వాలరెంట్, జీటీఏ 5 గేములు ఆడాలి, తీసుకోవచ్చా అని అడిగారు.

తీసుకోవద్దు. ఎందుకో చెప్తాను.

ఐ7 అని రాశారు గానీ ఏ జనరేషనో రాయలేదు చూడండి. బోర్డు పేరులోనే గుట్టు ఉంది. హెచ్61 మీద మూడో జనరేషన్ దాటి ప్రాసెసర్ కూర్చోదు. అంటే ఎంత మంచిదిచ్చినా 2012 నాటి ఐ7-3770. పాత ఆఫీసు సిస్టమ్‌లలోంచి తీసిన ప్రాసెసర్‌ను కొత్త డబ్బాలో పెట్టి ఇలా అమ్మడం మామూలే. విండోస్ 11 అధికారిక జాబితాలో ఇంటెల్ ప్రాసెసర్లు దాదాపు ఎనిమిదో జనరేషన్ నుంచే ఉన్నాయి. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సపోర్ట్ అయిపోయింది. విండోస్ 11లో వాలరెంట్ ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే రెండు భద్రతా ఏర్పాట్లూ ఉండాల్సిందే. ఇంత పాత బోర్డులో టీపీఎం 2.0 ఉండదు కాబట్టి మీరు ఆడాలనుకున్న మొదటి గేమ్ దగ్గరే ఆ సిస్టమ్ మొరాయిస్తుంది.

ఇక జీటీ 730. 2014 నాటి కార్డు, అప్పట్లోనే అది ఆటల కోసం కాదు, మానిటర్‌కు డిస్‌ప్లే ఇవ్వడానికి. '4 జీబీ' చూసి చాలామంది పడిపోతారు, నేనూ పడ్డాను. గోదాం ఎంత పెద్దదైతే ఏం లాభం, బస్తాలు మోసే హమాలీలు ఇద్దరే ఉంటే? కార్డులో మెమరీ గోదాం లాంటిది, పని చేసేది చిప్పు.

నా మొదటి అసెంబుల్డ్ సిస్టమ్ బీటెక్‌లో ఉన్నప్పుడు కొన్నాను. హన్మకొండలో అద్దె గది. క్యాబినెట్‌తో పాటే ఎస్ఎంపీఎస్ (అన్ని పార్టులకూ కరెంటు ఇచ్చే డబ్బా) ఫ్రీ అన్నారు, దాని మీద 500 వాట్స్ అని స్టిక్కర్ కూడా ఉంది. కానీ స్క్రూలు విప్పి చేతిలోకి తీసుకుంటే ఖాళీ టిఫిన్ బాక్సంత బరువే, అంటే లోపల సరుకు లేదన్నమాట. మే నెలలో ఓ మధ్యాహ్నం కరెంటు రెండుసార్లు పోయి వచ్చింది, లోపల టప్‌మని శబ్దం, కాలిన వాసన. ఎస్ఎంపీఎస్ ఒక్కటే పోలేదు, బోర్డునూ తీసుకుపోయింది. షాపుకు పట్టుకెళ్తే 'ఫ్లక్చువేషన్‌కి వారంటీ రాదు' అన్నారు. ఆ రోజు నుంచి ఎవరడిగినా నేను ప్రాసెసర్ కంటే ముందు ఎస్ఎంపీఎస్ గురించే మొదలుపెడతాను, ఇంట్లోవాళ్లు నవ్వుతారు.

తర్వాత 2023లో ఉద్యోగం వచ్చాక మళ్లీ ధైర్యం చేశాను. బడ్జెట్ సరిగ్గా మీదే, 40 వేలు, మానిటర్‌తో కలిపి. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి రెండు శనివారాలు తిరిగాను. మొదటి శనివారం ఏమీ కొనలేదు, కాగితం మీద ధరలు రాసుకుని వచ్చేశాను. మీరూ అలాగే చేయండి. మొదటి రోజే డబ్బు జేబులో పెట్టుకుని వెళ్తే ఏదో ఒకటి కొనేసి వస్తాం.

చివరికి కొన్నవి ఇవి, వంద రెండొందలు అటూ ఇటూ. రైజెన్ 5 5600జీ 11,500. బీ550 బోర్డు 7,600. డీడీఆర్4 3200 ర్యామ్, 8 జీబీవి రెండు, 3,400. 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ 2,700. 550 వాట్ల బ్రాంజ్ రేటింగ్ ఎస్ఎంపీఎస్ 4,100. లైట్లు లేని, ముందువైపు జాలీ ఉన్న క్యాబినెట్ 2,900. 75 హెర్ట్జ్ ఫుల్ హెచ్‌డీ మానిటర్ 7,800. కీబోర్డు, మౌస్ పాతవే. గ్రాఫిక్స్ కార్డు కొనలేదు.

షాపులో కుర్రాడు 'అన్నా, కార్డు లేకుండా గేమింగ్ ఏంటి' అన్నాడు. 5600జీలో చివర 'జీ' ఉంది కదా, ప్రాసెసర్ లోపలే వేగా గ్రాఫిక్స్ ఉంటుంది. మీ కొటేషన్‌లోని జీటీ 730 దీని ముందు నిలవలేదు. వాలరెంట్ ఫుల్ హెచ్‌డీలో, తక్కువ సెట్టింగుల్లో, నాకు సెకనుకు వంద ఫ్రేములు (బొమ్మలు) దాటి వచ్చేది. జీటీఏ 5 నార్మల్ సెట్టింగుల్లో అరవై దగ్గర ఆడుకున్నాను. కొత్తగా వచ్చే పెద్ద గేములు మాత్రం దీని మీద ఆడలేం, ఆ ఆశ పెట్టుకోవద్దు.

ఇక్కడ ర్యామ్ గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. లోపలి గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, మన ర్యామ్‌నే వాడుకుంటుంది. అందుకే 16 జీబీ పెట్టినా విండోస్‌లో 13 చిల్లర, 15 చిల్లర అని కనిపిస్తుంది, కంగారు పడొద్దు. షాపువాళ్లు 'ఒకే 16 స్టిక్ తీసుకోండి, తర్వాత ఇంకోటి వేసుకోవచ్చు' అంటారు. విడిగా కార్డు ఉన్న సిస్టమ్‌కైతే ఆ మాటలో తప్పులేదు. కానీ కార్డు లేని సిస్టమ్‌లో ఒక్క స్టిక్ అంటే దారి సగం మూసేసినట్టే, ఫ్రేములు బాగా పడిపోతాయి. ఎనిమిదివి రెండు పెట్టించండి, రెండు చానెళ్లలో పడేలా బోర్డు పుస్తకంలో చెప్పిన స్లాట్లలో. ఇంకో ముచ్చట, 3200 ర్యామ్ కొన్నంత మాత్రాన 3200లో నడవదు. బయోస్‌లోకి (బోర్డు సొంత సెట్టింగుల్లోకి) వెళ్లి, ర్యామ్‌ను పూర్తి వేగంతో నడిపే ఎక్స్ఎంపీ ఆన్ చేయాలి. ఇది తెలియక నేను మూడు నెలలు 2400లోనే ఆడి, ప్రాసెసర్‌నే తిట్టుకున్నాను.

నేను కొన్న ధరలు ఇప్పుడు ఉండవు, ముఖ్యంగా ర్యామ్ విషయంలో. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 ఆఖరు నుంచి ర్యామ్ రేట్లు విపరీతంగా పెరిగాయి, ఎస్ఎస్‌డీలకూ ఆ సెగ తగిలింది. కాబట్టి మీ 40 వేలలో ఎక్కడో ఒకచోట తగ్గించుకోక తప్పదు. నన్నడిగితే క్యాబినెట్‌లో, మానిటర్‌లో తగ్గిస్తాను. సెకండ్ హ్యాండ్ ఫుల్ హెచ్‌డీ మానిటర్ కళ్లముందే ఆన్ చేసి చూసుకోవచ్చు, మోసానికి తావు తక్కువ. డీడీఆర్4 ర్యామ్ కూడా వాడినది తీసుకోవచ్చు. సాధారణంగా ర్యామ్ అంత తేలిగ్గా పాడవదు. ఇంటికి తెచ్చాక ఓ రాత్రి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 నడిపించండి, తప్పులు చూపిస్తే మర్నాడే వెనక్కి ఇచ్చేలా ముందే మాట్లాడుకోండి. ఎస్ఎంపీఎస్ మాత్రం వాడినది వద్దు, ఎవరు ఊరికే ఇచ్చినా వద్దు. బోర్డు దగ్గర బీ450 చాలు. అయితే అది పాత స్టాకు అయితే 5000 సిరీస్ ప్రాసెసర్‌కు బయోస్ అప్‌డేట్ కావాలి, అప్‌డేట్ చేసి, డిస్‌ప్లే చూపించాకే డబ్బులు ఇస్తానని చెప్పండి. 5600జీ దొరక్కపోతే 2024లో వచ్చిన 5600జీటీ ఉంది, దాదాపు అదే సరుకు. 5600 అని ఉత్త అంకె ఉన్నది, లేదా చివర 'ఎఫ్' ఉన్నది మాత్రం వద్దు. వాటిలో గ్రాఫిక్స్ ఉండదు, కార్డు కొనేదాకా స్క్రీన్ మీద ఏమీ రాదు.

కార్డు నేను ఏడాది తర్వాత కొన్నాను, సెకండ్ హ్యాండ్ ఆర్ఎక్స్ 6600, 14 వేలకు. దీని కోసమే ఆ 550 వాట్ల ఎస్ఎంపీఎస్ ముందే పెట్టించుకున్నది. కార్డు 132 వాట్లే తాగుతుంది. అప్పుడు అంతకంటే చవకలో ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ కనిపించింది. దాదాపు కొనేశాను కూడా. కానీ అది స్లాట్‌లో నాలుగు లేన్లే (డేటా వెళ్లే దారులు) వాడుతుంది, 4 జీబీ మెమరీ, పైగా 5600జీకి పీసీఐఈ (కార్డుకూ ప్రాసెసర్‌కూ మధ్య దారి) పాతదైన మూడో జనరేషనే ఉంది. ఇరుకు సందులో ఇంకా ఇరుకు గేటు పెట్టినట్టు. 6600కి ఎనిమిది లేన్లు, 8 జీబీ ఉన్నాయి, నాకు ఆ ఇబ్బంది తెలియలేదు.

పాత కార్డుల్లో మోసాలు చాలా ఉన్నాయి. ఆర్ఎక్స్ 580 అంటే అందరూ ఎగబడతారు, అందులో 2048ఎస్‌పీ అని ఒక రకం ఉంది, ఆ అంకె చిప్పులో లెక్కలు చేసే చిన్న కోర్ల సంఖ్య, అసలు 580లో 2304 ఉండాలి. పేరు ఒకటే, పని తక్కువ. ఇంకా ఘోరం, పదేళ్ల కింది కార్డు లోపలి సాఫ్ట్‌వేర్ (బయోస్) మార్చి 1050 టీఐ అని అమ్మేవాళ్లున్నారు. జీపీయూ-జెడ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి, చాలావరకు అది పట్టేస్తుంది. అమ్మేవాళ్ల సిస్టమ్‌లోనే కార్డు మీద పూర్తి భారం వేసే ఫర్‌మార్క్ పావుగంట నడిపించి చూడండి. 'ఇప్పుడు కరెంటు లేదు, ఇంటికెళ్లి చూసుకోండి' అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. క్రిప్టో కరెన్సీ మైనింగ్‌కి రాత్రీపగలూ వాడిన కార్డా అని అందరికీ భయం. 2022 సెప్టెంబరులో ఎథీరియం అనే క్రిప్టో పద్ధతి మారి, కార్డులతో మైనింగ్ అవసరం లేకుండా పోయాక అలాంటి కార్డులు మార్కెట్‌లోకి కుప్పలుగా వచ్చిన మాట నిజమే. నాకైతే మైనింగ్ కంటే దుమ్ముపట్టిన ఫ్యాన్, చిప్పు వేడిని లాగే పేస్టు ఎండిపోవడమే ఎక్కువ భయం.

ఇది కంప్యూటర్ విషయం కాకపోయినా చెప్తాను. మీ గదిలో ప్లగ్‌కు ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. నా అద్దె గదిలో లేదు. చెప్పుల్లేకుండా క్యాబినెట్ తాకితే చేయి జివ్వుమనేది, ఇది పాడైన సిస్టమేమో అనుకున్నాను. ఎస్ఎంపీఎస్‌లోని ఫిల్టర్ కొంచెం కరెంటును ఎర్త్‌లోకి పంపుతుంది, ఎర్త్ లేకపోతే అది ఇనప డబ్బా మీదే ఉండిపోతుంది. ఆరేడు వందల రూపాయల పనితో పోయింది. యూపీఎస్ ఉద్యోగం వచ్చాక కొన్నాను, మీరు కూడా వీలైతే 600 వీఏది ఒకటి చూడండి.

కార్డు బిగించిన రోజు నా సంగతి కూడా చెప్పాలి. అంతా పెట్టాను, గేమ్ ఆన్ చేశాను, ఫ్రేములు పాతవే. రాత్రి పదకొండు దాకా డ్రైవర్లు తీసి వేసి, తీసి వేసి, చివరికి ఫ్రెండుకు వీడియో కాల్ చేస్తే 'ఒరేయ్, హెచ్‌డీఎంఐ కేబుల్ ఎక్కడ పెట్టావు?' అన్నాడు. బోర్డుకే ఉంది. కార్డుకు మార్చాను.

మీరు ఆ షాపుకే మళ్లీ వెళ్తుంటే, ఐ7, హెచ్61, జీటీ 730 మూడూ తీసేసి 5600జీతో రాయమనండి. బోర్డు, ఎస్ఎంపీఎస్‌ల కంపెనీ, పూర్తి మోడల్ నంబరు కాగితం మీద రాయించుకోండి, ఒక్కో పార్టు సీరియల్ నంబరు జీఎస్టీ బిల్లులో వేస్తారా అని అడగండి. ఆ కాగితం ఫొటో ఇక్కడ పెడితే చూసి చెప్తాను.