రూపాయి తేడా సంగతి తర్వాత, ముందు ఆ మిత్తి కాలమ్ చూడన్నా

వరంగల్ నుంచి ఒకన్న, ఎనుమాముల మార్కెట్‌ల అడ్తి దుకాణం లెక్కలు రాస్తడు, తన ఎక్సెల్ షీట్ పంపి అడిగిండు: అమ్మ మందుల ఖర్చు నెలకు 10,000, ముగ్గురన్నదమ్ములం పంచుకుంటం, ఒక్కొక్కరికి 3,333 చూపెడ్తుంది, మూడు కలిపితే 9,999 గదా, కింద టోటల్ మాత్రం 10,000 వస్తుంది, ఆ రూపాయి ఎక్కడిదని తమ్ముళ్లు లొల్లి పెడ్తున్నరు అని.

లెక్క కరెక్టే. డెసిమల్స్ దాచిపెడితే కనపడేది మారుతది గని సెల్ లోపల 3,333.33 అట్లనే పొడుగ్గ ఉంటది, టోటల్ దాన్నే కూడుతది. తమ్ముళ్లిద్దరి వాటాకు రౌండ్ ఫార్ములా పెట్టి కామా తర్వాత సున్నా కొట్టండి, మీ వాటా మాత్రం 10,000లకెళ్లి ఆ రెండు తీసేసి రాయండి, 3,334 వస్తది, పెద్దోళ్లు గదా ఆ రూపాయి మీరే పెట్టుకోండి. బ్యాంకోళ్లు గూడ చిల్లర తేడాను ఆఖరి కిస్తీల సర్దుతరు.

నేను జవాబు రాస్తున్నది దీనికి కాదు. అదే షీట్‌ల అప్పుల పేజీ ఉంది. బ్యాంకు పర్సనల్ లోన్ 12, దాని కింద తెలిసినాయన కాడ తెచ్చిన లక్షన్నర, మిత్తి 2. రెండూ ఒకటే కాలమ్‌ల! నూటికి రెండు అంటే నెలకు అని అడ్తిల ఉండే మీకు నేను చెప్పాల్నా, ఏడాదికి 24 అది, బ్యాంకు 12 మాత్రం ఏడాదికే. పైగా బ్యాంకు మిత్తి ఎక్కువుంది, ఇంకో 50,000 ఆయన కాడే తెచ్చి బ్యాంకుకు కడతా అని రాసిన్రు. అస్సలు వద్దు. ఇప్పటికే నెలకు 3,000 పోతున్నయి, బ్యాంకు కాడ 500 తగ్గించుకోనీకి ఇక్కడ ఇంకో 1,000 పెంచుకుంటరా?

అసలు ఆ లక్షన్నర ఎందుకైంది? అమ్మను హాస్పిటల్‌ల చేర్పించిననాడు చేతుల పైసల్లేవు, గంతే. చాలా ఇండ్లల్ల ఇదే కథ, షీట్‌ల అన్ని కాలమ్‌లు ఉంటయి, ఎమర్జెన్సీ ఫండ్, అంటే ఆపదకని పక్కకు పెట్టే పైసలు, అదొక్కటి ఉండదు. మీ ఇంటి ఖర్చు 22,000, ఈఎంఐ 6,000, ఆరు నెలలకు 1,68,000 పక్కకుండాలె. చిట్టి ఉంది గదా అంటరేమో, చిట్టి పాట రోజుదాకా ఆగాలె, తొందరల ఎత్తితే తక్కువకు పాడుకోవాలె, హాస్పిటలోళ్లు ఆగుతరా? ముందు ఒక్క నెలది, 28,000, వేరే అకౌంట్ల పెట్టండి. తర్వాత ఇంట్ల బంగారముంటే బ్యాంకుల కుదువ పెట్టి, వచ్చిన లోన్‌తోని ఆ నూటికి రెండు అప్పు వదిలించుకోండి, మిగిలే మిత్తి పైసలు మళ్లా ఫండ్‌లనే వెయ్యండి. మీకు, భార్యాపిల్లలకు హెల్త్ పాలసీ తీస్కోండి. షేర్లు, మ్యూచువల్ ఫండ్లు ఆ 1,68,000 నిండినంక అడగండి.